ఇరవై మూడో రాత్రి లెక్క

"హకోబో గారూ, నా లెక్క పోయింది," అని ఫబియాన్ కప్లూన్ గుసగుసగా అన్నాడు.

గుసగుస అనేది ఫబియాన్‌కు చేతకాని విద్య. అతను రహస్యం చెబితే రెండు వీధుల అవతల కుక్కలు చెవులు నిక్కిస్తాయి. అలాంటివాడు యాభై ఏడేళ్ల వయసులో, జన్మలో మొదటిసారి, నిజంగానే గొంతు తగ్గించాడు. తగ్గించి చెప్పిన ఆ ఒక్క మాటా పోయి పోయి విల్లా క్రెస్పో పేట మొత్తానికి చెవుడు ఎక్కువున్న మనిషి చెవిలో పడింది.

హకోబో గారికి ఎనభై నాలుగేళ్లు. యూదులు ప్రార్థన చేసుకునే ఆ చిన్న సినగాగ్ తలుపులు తీయడం, దీపాలు వేయడం, పుస్తకాలు పంచడం, ప్రార్థనకు పదిమంది పోగయ్యారో లేదో తలలు చూసుకోవడం నలభై ఏళ్లుగా ఆయన పని. ఆయన ఒక్క క్షణం ఫబియాన్ మొహంలోకి చూశారు. ఆ మొహం పాలిపోయి ఉంది. ఇంకేం కావాలి?

"అక్క పోయిందా!" అని గావుకేక పెట్టారు.

పదహారు తలలు ఒక్కసారి తిరిగాయి. చావుకబురు వినగానే అనవలసిన మాట, "సత్యమైన న్యాయాధిపతికి స్తోత్రం," అనేసి హకోబో గారు బల్ల సొరుగులోంచి, దుఃఖానికి గుర్తుగా చొక్కా చింపే కత్తెర తీశారు.

"చొక్కా ఇలా పట్టు, నాయనా. అమ్మానాన్నలకైతే ఎడమ పక్క చింపాలి. తోబుట్టువు కాబట్టి కుడిపక్క."

"హకోబో గారూ, అక్క కాదండీ!"

"అక్కడే కాదు, ఇక్కడే చింపాలి. కదలకు."

ఫబియాన్ కొత్త చొక్కాను రెండు చేతులతో కాపాడుకుంటూ వెనక్కి తగ్గాడు. ఆ తగ్గడాన్ని అందరూ దుఃఖం అనుకున్నారు. కళ్లద్దాల కొట్టు గోల్డ్‌ఫార్బ్ వచ్చి కావిలించుకున్నాడు. అతని భార్య మీనా కళ్లు తుడుచుకుంటూనే ఇంకో చేత్తో ఆ వార్త సినగాగ్ ఫోను గ్రూపులో పెట్టేసింది. ఫబియాన్ నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ నోటిని తమ భుజానికి అదుముకున్నారు. మాటలమ్ముకుని బతికేటంత మాటకారికి ఆ సాయంత్రం ఒక్క మాట బయటికి రావడానికి సందు దొరకలేదు.

నాలుగు నిమిషాల్లో అతని జేబులో ఫోను మోగింది. కంగారులో వేలు స్పీకరు మీద పడింది. రొసారియో నగరం నుంచి రెహీనా అక్క గొంతు సినగాగ్ పైకప్పును తాకింది.

"ఒరేయ్ ఫాబీ, నేను పోయానటగా! ముందు నాకొక మాట చెప్పొద్దట్రా? ఇక్కడ పొయ్యి మీద వంకాయలు పెట్టుకుని కూచున్నాను."

"అక్కా, అది కాదే..."

"అప్పుడే నలభై ఒక్కమంది సంతాపం రాశారు. ఆ మీనా అయితే నాది వెన్నలాంటి మనసని రాసింది. ముప్పై ఏళ్లలో ఒక్కసారి అందా ఆ మాట? చచ్చాకే అనాలా? ఉంటాను, వంకాయలు మాడిపోతున్నాయి."

మీనా గోల్డ్‌ఫార్బ్ ఫోను సంచిలో పెట్టేసుకుంది. హకోబో గారికి ముగ్గురు కలిసి అరిచి చెప్పాక, కాస్త నిరాశగానే, కత్తెర సొరుగులోకి వెళ్లింది. అక్క బతికింది. అందరూ నవ్వారు. అంతటితో ఆ గోల అయిపోవలసిందే. కానీ సినగాగ్ మతగురువు రబ్బీ దమియాన్, ముప్పై ఆరేళ్ల మర్యాదస్తుడు, మర్యాదగానే అడిగాడు:

"మరి పోయిందేమిటి, కప్లూన్ గారూ?"

పదహారు మొహాలు. ఫబియాన్ గుటక వేశాడు.

"గొంతు," అన్నాడు. వెంటనే గొంతును బొంగురు చేసుకుని, "గొంతు పోయిందన్నాను. ఈ రాత్రికి నేను ముందు నిలబడి చెప్పలేను," అన్నాడు.

"అయ్యో, దానికేముంది! ఈ పూటకి ఎవరికి వాళ్లం మెల్లగా లెక్కపెట్టేసుకుందాం," అని రబ్బీ కొంచెం తొందరగానే అన్నాడు. మిగతావాళ్లు అంతకన్నా తొందరగా ఒప్పుకున్నారు. ఆ తొందర ఏమిటో ఆలోచించే తీరిక ఫబియాన్‌కు లేదు.

*

ఆ లెక్క సంగతి ఇది. పస్కా పండుగ రెండో రాత్రి నుంచి వారాల పండుగ దాకా నలభై తొమ్మిది రాత్రులు. ప్రతి రాత్రీ చుక్కలు పొడిచాక, ఒక స్తోత్రం చెప్పి, ఇవాళ ఎన్నో రోజో నోటితో పైకి అనాలి. దాన్నే ఓమెర్ లెక్క అంటారు. ఒక రాత్రి మర్చిపోతే మర్నాడు పొద్దుగూకేలోగా స్తోత్రం లేకుండా ఆ అంకె అనుకోవచ్చు. అప్పుడు దారం తెగదు. ఆ పగలు కూడా దాటిపోయిందా, ఇక ఆ ఏడాదికి తెగినట్టే. మిగతా రాత్రులు లెక్కపెట్టుకోవచ్చు గానీ స్తోత్రం చెప్పకూడదు. తనే చెప్పకూడనివాడు పదిమందికి ముందు నిలబడి చెప్పించనే కూడదు.

ఫబియాన్ తండ్రి దర్జీ. ముప్పై ఏళ్లు ఆ సినగాగ్‌లో ముందు నిలబడి లెక్క చెప్పింది ఆయనే. ఆయన పోయిన ఏడాది నుంచి ఆ చోటు కొడుక్కి వచ్చింది. పద్దెనిమిదేళ్లు, ఒక్క రాత్రి తప్పలేదు. జ్వరంలో చెప్పాడు, విమానంలో చెప్పాడు, ఒకసారి పళ్ల డాక్టరు కుర్చీలో నోటినిండా దూది పెట్టుకుని చెప్పాడు.

అది చాలదన్నట్టు ఆరేళ్లుగా రోజుకొక "రెండు నిమిషాల మాట" ఫోనులో రికార్డు చేసి గ్రూపుకి పంపుతున్నాడు. విశ్రాంతి దినాన తప్ప సెలవు లేదు. అతనిది జిప్పులూ గుండీలూ అమ్మే కొట్టు. కొట్టు వెనక గదిలో, లేసుల పెట్టెల మధ్య నిలబడితే వీధి చప్పుడు వినపడదు. అక్కడ నిలబడి రోజూ మధ్యాహ్నం మూడింటికి మాట్లాడతాడు. పూర్వులు చెప్పిన ముక్క ఒకటి తీసుకుంటాడు, పొద్దున బస్సులో చూసినది ఒకటి తీసుకుంటాడు, రెంటినీ కలిపి కుట్టేస్తాడు. మూడొందల పన్నెండు మంది వింటారు. వాళ్లలో ఒక టాక్సీ అతను యూదుడు కూడా కాదు. ఆ మాటతో బండి స్టార్టు చేస్తే ఎర్రదీపాలు తక్కువ తగులుతాయని అతని నమ్మకం.

"ఫోను పదిహేను శాతానికి దిగేసరికి ఎర్రగా మొత్తుకుంటుంది," అన్నాడొక రోజు. "మనిషికి ఆ సదుపాయం లేదు. అందుకే పెద్దవాళ్లు మనకి సాయంత్రం అనేదొకటి పెట్టారు. ఆగు, చూసుకో, ఎంత మిగిలిందో అనుకో." ఇంకో రోజు: "పూర్వం ఆలయంలో మొదటి రోజు బార్లీ గింజలు అర్పించేవాళ్లు, చివర గోధుమ రొట్టె. అంటే పశువుల మేతతో మొదలుపెట్టి మనుషుల తిండి దాకా నలభై తొమ్మిది రోజుల నడక. మధ్యలో ఉన్నవాళ్లం, బంధువులారా, ఇంకా పిండిగానే ఉన్నాం. పిసకనివ్వండి."

మరి అలాంటివాడికి ఇరవై మూడో రాత్రి ఏమైంది?

వాన వచ్చింది. వీధులు మోకాళ్లదాకా నిండి సినగాగ్‌కు పదిమంది చేరలేదు. "ఎవరింట్లో వాళ్లు లెక్కపెట్టుకోండి, కప్లూన్ గారి మాటలో అంకె ఉంది చూడండి," అని రబ్బీ గ్రూపులో రాశాడు. ఫబియాన్ ఇల్లు చేరి, కాళ్లు తుడుచుకుని, సూపు ముందు కూర్చున్నాడు. భార్య లిలియానా తన ఫోనులో ఆ మధ్యాహ్నపు మాట పెట్టింది. "ఈ రాత్రి ఇరవై మూడు!" అని తన గొంతే ఖంగుమంది. తన జోకుకు తనే పగలబడి నవ్వాడు. బాగా చెప్పావురా అనుకున్నాడు. చెప్పేశాను అనుకున్నాడు. పడుకున్నాడు.

పగటిపూట పెట్టెల మధ్య చెప్పిన మాట రాత్రి లెక్కలోకి రాదు. ఫోనులోని గొంతు ఎవరిదైనా ఫోనుదే. మూడొందల పన్నెండు మందికి అంకె అందించినవాడు తన నోటితో తను అనడం మర్చిపోయాడు. మర్నాడు పగలంతా జిప్పులు అమ్మాడు గానీ బుర్ర జిప్పు తెరుచుకోలేదు. ఇరవై నాలుగో రాత్రి, ముందు నిలబడి, స్తోత్రంలో మొదటి మాటలు "బారూఖ్ అతా" అనడానికి నోరు తెరిచిన క్షణాన తెరుచుకుంది. అప్పటికి సూర్యుడు దిగి అరగంటయింది.

*

గొంతు పోయిందని అన్నాక, పోయినట్టు ఉండాలి కదా. మర్నాడు కొట్టు తెరిచింది మొదలు ఫబియాన్ మూగనోము పట్టాడు. నోటిమాట మూసేసి నోట్‌బుక్ మాట మొదలుపెట్టాడు. నీలం దారం అడిగినామెకు "ముదురా, లేతా?" అని రాసి చూపించాడు. పద్దెనిమిది సెంటీమీటర్ల జిప్పు అడిగినవాడికి చేతులు చాచి కొలత పెట్టేసరికి, వాడు చేప సంగతి అనుకుని తను పట్టిన చేప కథ చెప్పి వెళ్లాడు. మూడింటికి వెనక గదిలోకి వెళ్లి, ఫోను తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. గొంతు లేనివాడు ఏం పంపుతాడు? ఆరేళ్లలో మొదటిసారి, విశ్రాంతి దినం కాకుండానే, ఆ మధ్యాహ్నం గ్రూపు ఖాళీ.

గ్రూపు ఖాళీ అయ్యేసరికి కొట్టు నిండింది. అల్లం వచ్చింది, నిమ్మకాయలు వచ్చాయి, రెండు గిన్నెల కోడి సూపు వచ్చింది. హకోబో గారు స్వయంగా ఫ్లాస్కులో గోగొల్-మోగొల్ తెచ్చారు: వేడిపాలలో పచ్చగుడ్డు, తేనె గిలక్కొట్టినది. ఎదురుగా నిలబడి చివరి చుక్కదాకా తాగించారు.

"గుడ్డు గొంతుకి కుట్టు వేస్తుంది," అన్నారు. "మాట్లాడకు. నువ్వు మాట్లాడినా నాకేం తేడా తెలియదనుకో, అయినా మాట్లాడకు."

ఆయన వెళ్లాక నోరా ఫింకెల్ వచ్చింది. నలభై దాటిన మనిషి, ఆసుపత్రిలో పిల్లల వార్డులో రాత్రిపూట నర్సు. డిసెంబరులో తల్లి పోయినప్పటి నుంచి సినగాగ్‌కు వస్తోంది. వచ్చి వెనక వరసలో కూర్చుంటుంది, ముందుగా వెళ్లిపోతుంది. రెండు వారాలుగా అసలు కనపడలేదు. డ్యూటీ కోటుకి నాలుగు తెల్ల గుండీలు అడిగింది. అవి ఏరుతుంటే అంది:

"మీతో ఒక మాట చెప్పి వెళ్దామని కూడా వచ్చానండీ. మీకు గొంతు లేకపోవడం కలిసొచ్చింది, మధ్యలో అడ్డురారు."

ఫబియాన్ నవ్వి తల ఊపాడు.

"మా అమ్మ ఏటా లెక్కపెట్టేది. ఫ్రిజ్ మీద కాగితం అంటించి రోజుకొక గడి కొట్టేది. ఈ ఏడు ఆ గళ్లు నేను కొడదామనుకున్నాను. నాకు దేవుడితో అంత చనువు లేదు, నిజం చెప్పొద్దూ. రోజూ మీ మాట విని, మీరు చెప్పిన అంకె అనుకుని, గడి కొట్టేదాన్ని. పన్నెండో రాత్రి వార్డులో ఇద్దరు పిల్లలకి ఒకేసారి ఊపిరి అందలేదు. తెల్లారేదాకా నిలబడే ఉన్నాం. ఇద్దరూ బాగానే ఉన్నారు, కంగారుపడకండి. ఇంటికెళ్లి పడుకుని లేచేసరికి మళ్లీ చీకటి. అయిపోయింది. ఏం చేయాలో తెలీక ఫోను తీస్తే మీ పదమూడో మాట ఉంది. గుర్తుందా?"

ఫబియాన్‌కు గుర్తుంది. ఆ ఏడాది అన్నిటికన్నా నవ్వు తెప్పించిన మాట అది. గ్రూపులో నవ్వుమొహాలు వరసకట్టాయి.

"లెక్క తప్పినవాడు దారం తెగిన గుండీ లాంటివాడన్నారు. చొక్కాకి వేలాడుతూ ఉంటాడు, కాజాలోకి మాత్రం ఎక్కలేడన్నారు." నోరా కూడా నవ్వింది. "నాకు నవ్వొచ్చిందండీ. తర్వాత ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి కాగితం తీసేశాను. సరే, మనం ఆ రకం అనుకున్నాను. పుస్తకం సినగాగ్‌ది నా దగ్గరుండిపోయింది, సాయంత్రం ఇచ్చేసి గ్రూపులోంచి కూడా వెళ్లిపోతాను. చెప్పకుండా వెళ్లడం బాగోదని వచ్చానంతే. కోపం లేదు."

ఫబియాన్ చీటీ లాక్కుని రాశాడు: "అది హాస్యానికి."

"తెలుసు. నవ్వానుగా."

"ఉండండి," అని రాశాడు.

"దేనికండీ? మీరు పద్దెనిమిదేళ్లు తప్పకుండా లెక్కపెట్టినవారు. నాలాంటివాళ్ల గొడవ మీకు తెలియాలని ఎక్కడుంది? మీ తప్పేమీ లేదు."

నేనూ తప్పాను. రెండే మాటలు. ఆ రెండూ నాలుక చివరిదాకా వచ్చాయి. పద్దెనిమిదేళ్లు, తండ్రి నిలబడ్డ చోటు, మూడొందల పన్నెండు మంది, నవ్వుమొహాల వరస, అన్నీ కలిసి వాటిని వెనక్కి తోశాయి. ఈలోగా తలుపు గంట మోగి ఎవరో లోపలికి వచ్చి రిబ్బను అడిగారు. నోరా గుండీల పొట్లం తీసుకుని, ఆరోగ్యం జాగ్రత్తని చెప్పి వెళ్లిపోయింది. ఉత్తుత్తి మాట పడిపోయినవాడు మొట్టమొదటిసారి నిజంగా మాట పడ్డాడు. అదీ ఒక్క కటువు మాట లేకుండా.

*

నాలుగింటికి లిలియానా బడి నుంచి నేరుగా కొట్టుకు వచ్చింది. ఆమె భూగోళం టీచరు. ఎక్కడ ఏ కొండ దాక్కుందో వెతకడం అలవాటు. కౌంటరు మీద సూపు గిన్నెలు చూసింది, భర్తను చూసింది, తలుపు బోర్డు "మూసి ఉంది" వైపుకి తిప్పింది.

"ఇప్పుడు చెప్పు."

అతను చీటీ వైపు చేయి చాచాడు.

"చాల్లే. రాత్రి నిద్రలో గంటసేపు మాట్లాడావు. స్పష్టంగా. 'కత్తెర లోపల పెట్టండి' అన్నావు. 'ఇరవై మూడు' అన్నావు. ఏమైంది ఇరవై మూడుకి?"

ఫబియాన్ చెప్పాడు. పొద్దుటి నుంచి మూసిన నోరు కదా, ఆపకుండా చెప్పాడు. సూపు, ఫోను, నవ్వు, నిద్ర, చివరికి నోరా ఫింకెల్ ఫ్రిజ్ మీద కాగితం. లిలియానా నవ్వుతుందేమోనని చూశాడు. నవ్వలేదు. మాతే ఆకు వేడినీళ్లలో కలిపి, పీల్చుకునే గిన్నె అతని చేతికిచ్చింది.

"దేనికి భయం? దేవుడికా, మీనా గోల్డ్‌ఫార్బ్‌కా?"

"నాన్న చోటు, లిలీ. ఆ బల్ల ముందు నేను తప్ప..."

"మీ నాన్న లెక్క చెప్పేటప్పుడు తప్పినవాళ్లు ఉండేవాళ్లు కారా?"

"ఎందుకుండరు. ఉండేవాళ్లు."

"వాళ్లని ఏమనేవాడు?"

ఫబియాన్ మాతే పీలుస్తూ ఆలోచించాడు. తండ్రి ఏమీ అనేవాడు కాదు. పెద్దగా మాట్లాడే మనిషే కాదు. మాటలన్నీ కొడుక్కే వదిలేశాడు. స్తోత్రం చెప్పాక మాత్రం ఒక్క క్షణం ఆగేవాడు. మరీ ఎక్కువ కాదు, సూదిలో దారం ఎక్కించేంతసేపు. నాన్నకి ఆయాసం అనుకునేవాడు చిన్నప్పుడు. స్తోత్రం చెప్పకూడనివాళ్లు ఆ ఖాళీలో ఆమెన్ అని, ఆ దారం పట్టుకుని, తమ అంకె తాము కలుపుకునేవాళ్లని ఇప్పుడు, యాభై ఏడో ఏట, గుండీల కౌంటరు వెనక కూర్చుంటే అర్థమైంది. తను ఆగడు. ఆగడమంటే అతనికి భయం. స్తోత్రం అవగానే అంకె, అంకె అవగానే జోకు.

"నాన్న ఆగేవాడు," అన్నాడు.

లిలియానా గిన్నె వెనక్కి తీసుకుని మళ్లీ నీళ్లు పోసింది. "సాయంత్రం నేనూ వస్తాను," అంది.

*

ఆ సాయంత్రం వాన లేదు. ఇరవై మందిదాకా వచ్చారు. నోరా ఫింకెల్ పుస్తకాల అర దగ్గర నిలబడి ఉంది. పుస్తకం చేతిలోనే ఉంది, పెట్టి వెళ్లిపోవడానికి ప్రార్థన అయ్యేదాకా మర్యాదకు ఆగినట్టుంది. ప్రార్థన అయింది. కిటికీలోంచి మూడు చుక్కలు కనపడ్డాయి. లెక్క వేళ.

"గొంతు వచ్చిందా?" అని రబ్బీ ఆశగా అడిగాడు. "నిన్నటిలా ఎవరికి వాళ్లం అంటే బాగుండదేమో రోజూ..."

ఫబియాన్ బల్ల ముందుకు వెళ్లి అందరివైపు తిరిగాడు.

"గొంతు ఎక్కడికీ పోలేదు," అన్నాడు. కిటికీ అద్దాలు అదిరాయి. "పోయింది లెక్క. మొన్న రాత్రి ఇరవై మూడు నేను అనలేదు. మీకు చెప్పి నేను అనడం మర్చిపోయాను. ఇంట్లో నా ఫోనుమాట వింటూ నవ్వుతూ కూర్చున్నాను. నిన్న సిగ్గుపడి గొంతని అబద్ధమాడాను. మీ అందరి సూపూ తాగాను. పదమూడో రోజు ఒక ముక్క అన్నాను, లెక్క తప్పినవాళ్ల గురించి. దారం తెగిన గుండీ అని. ఆ ముక్క నా నోటికి బాగుంది, వినేవాళ్లకి ఎలా ఉంటుందో చూసుకోలేదు. వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ఏడు స్తోత్రం చెప్పే అర్హత నాకు లేదు. తప్పనివాళ్లు ఎవరైనా ముందుకి రండి. నేను ఆమెన్ అంటాను."

ఎవరూ రాలేదు.

గోల్డ్‌ఫార్బ్ తన బూట్ల లేసులు పరీక్షించాడు. పక్కవాడు పైకప్పు వైపు చూశాడు. రబ్బీ దమియాన్ గడ్డం సవరించుకున్నాడు.

"నాలుగో రాత్రి," అన్నాడు గోల్డ్‌ఫార్బ్ చివరికి. "అత్తగారింట్లో ఉన్నాం."

"మా అమ్మ పేరెందుకు? నాకు తొమ్మిదోది పోయింది, నా అంతట నేనే పోగొట్టుకున్నాను," అంది మీనా.

"నాది రెండోదే," అని మూల నుంచి ఎవరో అన్నారు. "కప్లూన్ ఏమంటాడోనని రోజూ పెదవులు కదుపుతున్నాను."

"రబ్బీ గారూ, మీరు?"

"పదిహేడు," అన్నాడు రబ్బీ, చెవులు ఎర్రబడి. "కవలలకి జ్వరం. తెల్లారిందో చీకటి పడిందో తెలియలేదు. కప్లూన్ గారు ఉన్నారు కదా, నన్నెవరు అడుగుతారులే అనుకున్నాను. నిన్న ఆయన గొంతు పోయిందనేసరికి నా ప్రాణం పోయింది."

అప్పుడు లేచింది నవ్వు. వెనక అర దగ్గర నుంచి కూడా. ఆ నవ్వు ఎందుకో తెలియని ఒక్క మనిషి ముందు వరసలో కూర్చుని పుస్తకాల మూలలు సరిచేస్తున్నారు. రబ్బీ వెళ్లి ఆయన కుడిచెవి దగ్గర వంగాడు.

"హకోబో గారూ! మీరు లెక్క తప్పారా?"

"ఏ ఏడు?"

"ఈ ఏడండీ! ఒక్క రాత్రయినా!"

"ఎందుకు తప్పుతాను?" హకోబో గారికి ప్రశ్నే అర్థం కాలేదు. "చీకటి పడుతుంది. లెక్కపెడతాను."

"అయితే ఇవాళ మీరు చెప్పండి. మేం ఆమెన్ అంటాం."

ఆయన బల్ల ముందుకు వచ్చారు. మాటలు కొన్ని చప్పరింపుగా, కొన్ని ఈలగా వచ్చాయి. రాగం ఎక్కడికో వెళ్లి ఎక్కడికో వచ్చింది. అయినా స్తోత్రం మొత్తం, ఒక్క అక్షరం పోకుండా, ఆ గదిలో నిలబడింది. "ఆమెన్" అన్నాడు ఫబియాన్. పద్దెనిమిదేళ్ల తర్వాత అతను ఇవతలి వైపు నిలబడి అన్న ఆమెన్ అది. ఇవతలి వైపు మరీ అంత చలిగా ఏమీ లేదు, జనం ఉన్నారు.

తర్వాత అందరూ, ఎవరి గొంతుతో వాళ్లు: "ఇవాళ ఇరవై అయిదు రోజులు, అంటే మూడు వారాల నాలుగు రోజులు." ఫబియాన్ తన గొంతు తగ్గించి వెనక్కి చెవి పెట్టాడు. పుస్తకాల అర దగ్గర నుంచి ఒక ఆడగొంతు అందరికన్నా అరక్షణం ఆలస్యంగా, కానీ ఏ మాటా వదలకుండా, అంటోంది. నోరా ఫింకెల్ చేతిలోని పుస్తకం తెరిచి ఉంది.

అక్కడే, అందరి మధ్య, ఫబియాన్ ఫోను తీసి బొత్తాం నొక్కాడు.

"బంధువులారా, ఇది ఇరవై అయిదో రాత్రి మాట, ఆలస్యానికి క్షమించండి. మా అక్క క్షేమం. నా గొంతూ క్షేమం. ఇరవై మూడో రాత్రి లెక్క నేను మర్చిపోయాను, అది ఒప్పుకోలేక ఒక రోజంతా మూగవాణ్ణయ్యాను. మీలో తెగినవాళ్లుంటే, పదమూడో రోజు నేనన్నది పక్కన పెట్టండి. మా సినగాగ్‌లో ఇవాళ ఇరవై మందిమి ఉన్నాం. తప్పకుండా లెక్కపెట్టినవాడు ఒక్కడు. ఆయన స్తోత్రం చెప్పాడు, మిగతావాళ్లం ఆమెన్ అని మా అంకె మేం అనుకున్నాం. అలా అనుకోవచ్చు. అది కూడా పద్ధతే. మా నాన్నకి తెలుసు. నాకు ఇవాళ తెలిసింది. ఇవాళ ఇరవై అయిదు."

పంపేశాడు. గదిలో నాలుగైదు జేబులు ఒకేసారి మోగాయి.

హకోబో గారు ఆ మొహాలన్నీ మార్చి మార్చి చూశారు. "ఫోనుకి చెప్పావు, బానే ఉంది. నాకెవరు చెబుతారు? నిన్న చావన్నారు, తర్వాత గొంతన్నారు, ఇవాళ నవ్వుతున్నారు."

ఫబియాన్ నోరు తెరిచాడు గానీ నోరా అప్పటికే వచ్చి ఆయన కుడిచెవి పక్కన కుర్చీ వేసుకుంది. అరవలేదు. వార్డులో మాట్లాడినట్టు నెమ్మదిగా, ఒక్కో మాట విడదీసి చెప్పింది.

"ఈయన మొన్న రాత్రి లెక్కపెట్టడం మర్చిపోయాడు, పెద్దాయనా. నిన్న మీతో లెక్క పోయిందన్నాడు. మీకు అక్క అని వినపడింది. నిజం చెప్పడానికి సిగ్గుపడి గొంతన్నాడు. ఇవాళ చెప్పేశాడు. నేనూ ఒక రాత్రి మర్చిపోయాను. రబ్బీ గారూ మర్చిపోయారు. ఇక్కడ అందరం తప్పాం, మీరు తప్ప."

హకోబో గారు అంతా విని, అందరినీ ఇంకోసారి చూసి, తల ఊపారు.

"అయితే పండుగ దాకా రోజూ నేనే చెప్పాలన్నమాట," అన్నారు. "ముందే చెప్పొద్దూ? పళ్లు పెట్టుకొచ్చేవాణ్ణి."